తమ్ముడికి మూడు శిక్షణ పత్రాలున్నాయి, పని మాత్రం లేదు. మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ళకు మన డెల్టాలో ఉపాధి దారి ఏమిటి?

అమలాపురం అక్క

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి ముప్పై దాటాయి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదువుతుండగా స్కిజోఫ్రీనియా బయటపడింది. చదువు ఎలాగో పూర్తి చేశాడు. మందులు మానకుండా వేసుకుంటాడు. చెవిలో వినిపించే తిట్లు బాగా తగ్గాయి, పూర్తిగా పోలేదు. తన పనులు తనే చేసుకుంటాడు. కానీ తెల్లారి లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా అరుగు మీదే.

ఒక శిక్షణ కేంద్రంలో అగరుబత్తీలు చుట్టడం నేర్పారు. తర్వాత కొవ్వొత్తులు, ఆ తర్వాత కాగితపు సంచులు. ప్రతిసారీ ఒక పత్రం, ఒక గ్రూపు ఫోటో. ఆ సంచులు కొనే నాథుడు లేడు. ఇప్పుడు "ఇంకో కోర్సు మొదలవుతోందమ్మా" అని మళ్ళీ ఫోన్ చేశారు. వాడు నాతో ఒకటే మాట అన్నాడు: "అక్కా, నాకు నేర్పడమేనా, ఎవరైనా పని ఇస్తారా?"

కోనసీమలోగానీ, బస్సు మీద వెళ్ళి రాగలిగిన దూరంలోగానీ ఇలాంటివాళ్ళు నిజంగా జీతానికి చేస్తున్న పనులు మీకు తెలుసా? ఓదార్పు మాటలు వద్దు, అవి ఇంట్లో చాలా ఉన్నాయి.

కాకినాడ కార్యకర్త

అక్కగారూ, నేను మానసిక వైద్య విభాగంలో సామాజిక కార్యకర్తని. మీ తమ్ముడు అడిగింది ఈ రంగంలో అసలైన ప్రశ్న.

"ముందు శిక్షణ, ఆనక పని" అన్న వరసను అమెరికాలో న్యూహాంప్‌షైర్‌లో 1990ల్లోనే తిరగేశారు. డెబోరా బెకర్, రాబర్ట్ డ్రేక్ అనే ఇద్దరు రూపొందించిన పద్ధతి అది. మనిషికి ఏ పని ఇష్టమో అడిగి, బయట అందరూ చేసే మామూలు ఉద్యోగమే త్వరగా వెతికి పెడతారు. నేర్చుకోవడం పనిచోటే. వైద్య బృందంలోనే ఒక సహాయకుడు ఉంటాడు. యజమానితో మాట్లాడటం, తడబడిన రోజున వెంట ఉండటం అతని బాధ్యత. ఆ సహాయం మూడు నెలలకో ఆరు నెలలకో ఆగిపోదు, అవసరమున్నన్నాళ్ళు ఉంటుంది. "ఇంకా సిద్ధంగా లేడు" అని ఎవరినీ వెనక్కి పంపరు. పని చేయాలన్న కోరిక ఉంటే చాలు, అదే అర్హత.

ఐరోపాలో ఆరు చోట్ల 312 మందితో దీన్ని పరీక్షించి 2007లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. ఈ పద్ధతిలో 55 శాతం మంది ఉద్యోగంలో చేరితే, ముందు శిక్షణ ఇచ్చే పాత పద్ధతిలో చేరినవాళ్ళు 28 శాతం.

చెరువుగట్టు

కార్యకర్తగారూ, చేరడం వేరు, నిలవడం వేరు. ఐరోపా లెక్కలు మా చెరువుల దగ్గర పనికిరావు.

నాది ఉండి దగ్గర రొయ్యల సాగు. బంధువుల మాట కాదనలేక, ఇలాంటి మందులు వాడే ఒక కుర్రాడిని రాత్రి కాపలాకు పెట్టుకున్నాను. చెరువులో ప్రాణవాయువు తెల్లవారుజామునే బాగా పడిపోతుంది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. జనరేటరు వేయాల్సిన వాడు మంచం మీద నిద్ర. లేపినా లేవలేదు. పొద్దున్నకి రొయ్యలు గట్టు వెంబడి తేలాయి. అతన్ని ఏమీ అనలేదు, అని లాభమేముంది? కానీ ఆ నష్టం మీ పద్ధతిలో ఎవరు కడతారు?

కాకినాడ కార్యకర్త

ఎవరూ కట్టరండీ, మీ కోపంలో న్యాయముంది. కానీ చూడండి, ఆ కుర్రాడికి ఇచ్చిన పనే తిరగబడ్డ పని. ఒలాంజపిన్ లాంటి మాత్రలు సాధారణంగా రాత్రిపూట ఇస్తారు, నిద్ర ముంచుకొస్తుంది. ఆ మాత్ర వేసుకున్న మనిషిని తెల్లవారుజామున మెలకువగా ఉండమనడం ఎవరి తప్పు? అదే కుర్రాడు పగలు మేత తూచి చల్లి, చెక్ ట్రేలు (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్ళాలు) ఎత్తి చూసి పుస్తకంలో రాసే పని చేసి ఉంటే ఎలా ఉండేదో ఎవరూ చూడలేదు. పని అడిగేటప్పుడు రోగం పేరు కంటే మాత్ర వేసుకునే వేళ ముఖ్యం.

చెరువుగట్టు

మాత్ర వేళ గురించి నాకు ఎవరు చెప్పారు? బంధువులు "కొంచెం నెమ్మదస్తుడు" అన్నారు, అంతే.

కడియం మొక్క

అక్కడే ఉంది కిటుకు. కడియపులంకలో మాది చిన్న నర్సరీ. ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి కవర్లు నింపడం, మొక్కలు వరసలు మార్చడం, నీళ్ళు పెట్టడం, అంట్లు కట్టడం, లారీలకు ఎత్తడం, ఇవీ పనులు. వీటిలో అంటు కత్తి పని చేతులు వణికేవాళ్ళకి ఇవ్వను. లారీ లోడింగు రాత్రిపూట, పైగా హడావుడి, అరుపులు. అదీ ఇవ్వను. మిగిలినవన్నీ ఎవరైనా చేయగలిగినవే.

మా దగ్గర ఒకాయన చాలాకాలంగా నీళ్ళ పైపు పట్టుకుంటాడు. పదింటికి వస్తాడు, అంతకుముందు రాలేడు. మందారాల వైపు మొదలుపెట్టి క్రోటన్ల దగ్గర ముగిస్తాడు. ఆ వరస మార్చమంటే చికాకు పడతాడు. మార్చమని మేమూ అడగం. ఏ మొక్కకు వేరుకుళ్ళు మొదలైందో మా అందరికన్నా ముందు ఆయనకే తెలుస్తుంది. కూలి అందరితో సమానం, గంట ఆలస్యానికి గంట కోత, అంతే.

మొదట్లో ఇబ్బంది ఆయనతో రాలేదు, మేస్త్రీతో వచ్చింది. నలుగురిలో కేకలేసి పని చెప్పడం అతని అలవాటు. ఒకేసారి నాలుగు పనులు పురమాయిస్తాడు. ఈయన ఎక్కడివాడు అక్కడే నిలబడిపోయేవాడు. అది చూసి మేస్త్రీ ఇంకా గట్టిగా అరిచేవాడు. ఒక పని చెప్పు, అది అయ్యాక రెండోది చెప్పు అని మేస్త్రీని కూర్చోబెట్టి చెప్పాక గొడవ ఆగింది. నన్నడిగితే శిక్షణ కావలసింది మేస్త్రీలకు. మూడు పత్రాలూ వాళ్ళకే ఇవ్వండి.

అక్కగారూ, మా ఊరు మీకు దూరం. రావులపాలెంలో బస్సు మారి రోజూ రావడం కుదరదు. అందుకే రమ్మనడం లేదు.

పాలకొల్లు పద్దు

చదువుతూ ఊరుకుందామనుకున్నాను. మేస్త్రీల మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. నేనే ఆ "ఇలాంటివాళ్ళలో" ఒకడిని. బైపోలార్, అంటే మనసు కొన్నాళ్ళు మితిమీరి ఉప్పొంగి, కొన్నాళ్ళు కుంగిపోయే రోగం. రైసుమిల్లులో పద్దులు రాస్తాను.

యజమానికి చెప్పాలా వద్దా అని ఎవరైనా అడుగుతారు, అందుకే ముందే చెబుతున్నాను. నేను రోగం పేరు చెప్పలేదు, ఏం కావాలో చెప్పాను. రాత్రి పని చేయలేను, నెలకొక రోజు ఆసుపత్రికి వెళ్ళాలి, ఈ రెండే. మాసూళ్ళ రోజుల్లో లారీలు అర్ధరాత్రి దిగుతాయి, తూకం దగ్గర గుమాస్తా ఉండాలి. నాకు వరసగా నిద్ర చెడితే రోగం తిరగబెడుతుంది. మొదట నిద్ర అక్కర్లేదనిపిస్తుంది, తర్వాత మిల్లంతా నాదే అనిపిస్తుంది. అందుకని తూకం పని వేరే అతను చూస్తాడు, బదులుగా అతని ఆదివారం లెక్కలు నేను చేస్తాను. పేరు చెప్పడం, చెప్పకపోవడం ఆ మనిషి ఇష్టం. ఇంట్లోవాళ్ళు చాటుగా వెళ్ళి చెప్పిరావడం మాత్రం దారుణం.

ఇంకొకటి, ఎండలో పనిచేసేవాళ్ళ కోసం. నాలాంటి రోగానికి ఇచ్చే లిథియం మాత్రలు వేసుకునేవాళ్ళు చెమటతో ఒళ్ళు ఎండిపోతే రక్తంలో మందు మోతాదు పెరిగిపోతుంది. కొబ్బరిపీచు ఆరబోసే కళ్ళాల్లో, వరికోతల్లో ఇది చాలా ప్రమాదం. నీళ్ళు తాగాలి, ఉప్పు హఠాత్తుగా మానకూడదు. ఒళ్ళునొప్పులని ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరకు వెళితే డైక్లోఫినాక్ సూది పొడిచేస్తాడు. అలాంటి నొప్పి మందులు కూడా లిథియం మోతాదును పెంచుతాయి. చేతులు బాగా వణికినా, మాట తడబడినా, వాంతులు, విరేచనాలు పట్టుకున్నా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్ళాలి. ఇది ఏ శిక్షణ కేంద్రంలోనూ చెప్పగా నేను వినలేదు.

వేదిక నిర్వాహకుడు

చర్చ బాగుంది. ఆసుపత్రుల పేర్లు, మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు పెట్టవద్దని మనవి. ఎవరికైనా అత్యవసరమైతే 14416 టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ లైను ఉంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

పి. గన్నవరం అమ్మ

మీరంతా పని పని అంటున్నారు. మా అబ్బాయికి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 వస్తోంది. అందుకు కావలసిన వైకల్య పత్రం కోసం మేము ఎన్ని మెట్లు ఎక్కామో దేవుడికి తెలుసు. వాడు పనికి వెళుతున్నాడని ఎవరైనా రాసిపెడితే? పని నాలుగు రోజుల ముచ్చట అవుతుంది, పింఛను పోతే తిరిగి రాదు. వాడిని ఇంట్లోనే ఉండమన్నది ప్రేమ లేక కాదు నాయనా.

సెక్షన్ ఇరవై

అమ్మా, మీ భయం సహజం. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

మానసిక వైకల్యాన్ని ఐడియాస్ అనే కొలమానంతో లెక్కిస్తారు. తన శుభ్రత తను చూసుకోవడం, నలుగురితో మెలగడం, మాట్లాడటం, అర్థం చేసుకోవడం, పని. వీటితో పాటు రోగం ఎన్నేళ్ళుగా ఉందో కూడా కలుపుతారు. మొత్తం మీద 40 శాతం గానీ ఆపైన గానీ ఉంటే పత్రం అక్కరకొస్తుంది. అంటే పని అన్నది లెక్కలో ఒక భాగమే. నాలుగు గంటలు కవర్లు నింపినంత మాత్రాన మిగతావన్నీ సున్నా అయిపోవు. పింఛనుకు కుటుంబ ఆదాయ పరిమితి వేరే ఉంది. కాబట్టి చేరకముందే గ్రామ సచివాలయంలో అడిగి తెలుసుకోండి. ఎవరో చెప్పింది విని కంగారుపడవద్దు.

2016 వికలాంగుల హక్కుల చట్టం మానసిక అనారోగ్యాన్నీ వైకల్యాల జాబితాలో చేర్చింది. మొత్తం 21 రకాలు. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా రోగం వస్తే తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పనికి మార్చాలి. ఇది 20వ సెక్షను (నా పేరు అక్కడిదే). 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. సమాజంలో అందరితో కలిసి బతకడం హక్కు అని అందులో 19వ సెక్షను చెబుతుంది. అత్యవసర మందుల జాబితాలో ఉన్నవి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇవ్వాలని 18వ సెక్షను చెబుతుంది.

చెరువుగట్టు

చట్టాలు బాగున్నాయి. మా మండలంలో మందు అయిపోతే అడిగే దిక్కులేదు, అదీ రాయండి.

పి. గన్నవరం అమ్మ

నిజం బాబూ. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన 2022 జూలై వరదలో లంకల్లో పడవ తప్ప దారి లేదు. బీపీ మాత్రలు, పాలప్యాకెట్లు వచ్చాయి. ఈ మాత్రలు తెమ్మని పడవవాళ్ళకి నలుగురిలో ఎలా చెప్పను? అప్పటినుంచి ఆషాఢం రాకముందే డాక్టరుగారిని అడిగి ఎక్కువ రోజులకు రాయించుకుంటున్నాను.

నరసాపురం లేసు

ఇంతసేపూ మగపిల్లల మాటే నడిచింది. ఆడపిల్లల సంగతి వేరు.

మా గ్రూపులో లేసు అల్లే ఒకమ్మాయి ఉంది. ఆమెకు రోగమని నాకు తెలుసు, వాళ్ళింట్లోవాళ్ళకు తెలుసు, ఇంకెవరికీ తెలియకూడదు. "పెళ్ళి కావాల్సిన పిల్ల" అంటారు. అందుకే పత్రం లేదు, పింఛను లేదు, పెద్దాసుపత్రి కూడా లేదు. ఎక్కడో దూరంగా చీటీ రాయించుకుని తెచ్చుకుంటారు. అల్లిక అయితే ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు కదా, ఇదే మంచి ఉపాధి అని ఒక అధికారి అన్నారు. నేను ఒప్పుకోను. ఇంట్లో కూర్చుని అల్లే లేసుకు దళారి ఇచ్చే ముక్కకూలి ఎంత? పైగా ఆమెకు లేనిదే నలుగురి సావాసం. గదిలో ఉన్న మనిషికి గదిలో చేసే పని ఇచ్చి పునరావాసం అంటే ఎలా?

మేం చేసిందల్లా, ఆమెను మధ్యాహ్నం రెండు గంటలు మా పంచలోకి రప్పించడం. వచ్చిన ముక్కలు లెక్కపెట్టి, మరకలున్నవి పక్కన పెట్టి, కట్టలు కట్టడం ఆమె పని. మాత్రల వల్ల వేళ్ళు వణుకుతాయి, సన్నదారం అల్లిక పట్టుతప్పుతుంది. లెక్క మాత్రం తప్పదు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది, మా వాళ్ళు నవ్వడం మానేశారు, ఆ కాసేపు పలకరించడం మానేశారు. డబ్బు గ్రూపు ఖాతా నుంచి ఆమె ఖాతాకే వెళుతుంది. వాళ్ళ నాన్న చేతికి ఇవ్వమని అడిగారు, ఇవ్వలేదు.

కాకినాడ కార్యకర్త

లేసుగారు చెప్పినదాంట్లో ఖాతా సంగతి చాలా ముఖ్యం, నూటికి నూరుపాళ్ళు సమర్థిస్తాను.

ఇక వెంట ఉండే సహాయకుడు ఎవరన్నది. ఆసుపత్రి నుంచి నేను ఒక్కడినీ రెండు జిల్లాలు తిరగలేను. 2014లో లాన్సెట్‌లోనే మన దేశపు అధ్యయనం ఒకటి వచ్చింది. తమిళనాడు, గోవా, మహారాష్ట్రలోని సతారాల్లో స్కిజోఫ్రీనియా ఉన్న 282 మంది అందులో ఉన్నారు. మామూలు స్థానికులకే శిక్షణ ఇచ్చి రోగుల ఇళ్ళకు పంపారు. ఆసుపత్రి వైద్యం ఒక్కటే అందినవాళ్ళకంటే, దానితో పాటు ఈ సాయం కూడా అందినవాళ్ళు కొంత మెరుగయ్యారు. కొంతే, అద్భుతమేమీ కాదు. కానీ తమిళనాడు పల్లెల్లో ఫలితం బాగా కనిపించింది. అంటే పెద్ద డిగ్రీలు లేకపోయినా ఊళ్ళో మనిషి ఈ పని చేయగలడు.

నరసాపురం లేసు

ఆశా కార్యకర్తల నెత్తిన వేస్తామని మాత్రం అనకండి. వాళ్ళకు ఇప్పటికే ఊపిరి సలపడం లేదు. డ్వాక్రా గ్రామ సంఘం ఒక మనిషిని పెట్టుకుని, చుట్టుపక్కల పది ఊళ్ళు చూసుకునేలా జీతమివ్వాలి. యజమానుల దగ్గర మాట్లాడటం మా సంఘాల ఆడవాళ్ళకు కొత్త కాదు, బ్యాంకు మేనేజర్లనే ఒప్పించాం.

చెరువుగట్టు

అక్కగారూ, మీ తమ్ముడు ఎలక్ట్రికల్ అన్నారు కదా. నర్సరీలు, లేసులు ఎందుకండీ? చెరువు నీళ్ళకు గాలి అందించే ఏరేటర్ల మోటార్లు కాలిపోతుంటాయి, మేమంతా వాటిని చుట్టించడానికి తిరుగుతూనే ఉంటాం. వైండింగు షాపుల్లో మనుషులు దొరకడం లేదు. పగటి పని, కూర్చుని చేసే పని. మీ ఊళ్ళోనే అలాంటి షాపులున్నాయి. వెళ్ళి అడగండి. అడిగితే పోయేదేముంది?

అమలాపురం అక్క

ఆలస్యంగా రాస్తున్నాను, మన్నించండి. చెరువుగట్టుగారి మాట పట్టుకుని వాడినే అడిగాను. అరుగు దిగి చొక్కా మార్చుకొచ్చాడు!

బస్టాండు దగ్గర ఒక షాపులో చేరాడు, ప్రస్తుతం పదకొండు నుంచి మూడు దాకా. రాత్రి మాత్ర ఇంకాస్త పెందలాడే వేసుకోవచ్చా అని డాక్టరుగారిని అడిగితే సరేనన్నారు, పొద్దున మత్తు కొంత తగ్గింది. కాలిన తీగ కోసి బయటకు లాగడం, గాళ్ళలో పాత కాగితం గీకి కొత్త కాగితం వేయడం, చుట్లు లెక్కపెడుతూ రాగితీగ అచ్చు మీద చుట్టడం, ఇవీ వాడి పనులు. వార్నిషు వాసన పడడం లేదు, అది వేరే కుర్రాడు పూస్తాడు.

ఒక పేచీ వచ్చింది. ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని రేడియో వింటూ చుడతాడు. "పనిచేస్తూ పాటలేమిటి, పెద్దవాళ్ళు పిలిస్తే పలకవా" అని ఓనరుగారికి కోపం వచ్చింది. వాడికి గొంతులు వినిపించినప్పుడు పాట ఉంటే అవి వెనక్కి పోతాయి. ఈ సంగతి నేను వెళ్ళి చెబుదామనుకున్నాను, పద్దుగారి మాట గుర్తొచ్చి ఆగాను. వాడే చెప్పుకున్నాడు. "పాట ఉంటే చుట్లు తప్పవండీ, లేకపోతే తప్పుతాయి" అన్నాడట. ఆయన లెక్క సరిచూసుకుని, కుడిచెవి ఖాళీగా ఉంచమన్నారు, పిలవాలంటే అటువైపు నుంచి పిలుస్తానన్నారు.

సగం రోజుకు సగం కూలి. పింఛను గురించి సచివాలయంలో ముందే అడిగి వచ్చాం. ఒక శుక్రవారం వెళ్ళలేదు, పడుకునే ఉన్నాడు. ఇక మానేస్తాడేమోనని నాకు గుండెల్లో రాయి పడింది. సోమవారం వెళ్ళాడు.

కడియం మొక్క

మానేసిన రోజు ఓనరుకు ఫోన్ ఎవరు చేశారు?

అమలాపురం అక్క

వాడే సందేశం పెట్టాడు, "ఈరోజు రాలేను" అని. కారణం రాయలేదు.

కడియం మొక్క

అది చాలు. మా దగ్గర మిగతావాళ్ళు ఆ మాత్రం కూడా పెట్టరు.

కాకినాడ కార్యకర్త

వేళలు పెంచుదామని ఓనరుగారు అంటే తొందరపడకండి. పండగల ముందు, చెరువుల సీజనులో మోటార్లు గుట్టపడతాయి, "ఈ ఒక్కరాత్రి ఉండిపో" అంటారు. అలాంటప్పుడు ఏం చెప్పాలో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోవాలి.

చెరువుగట్టు

నా మోటార్లు రెండు ఆ షాపుకే పంపిస్తాను. రాత్రికి రాత్రి ఇవ్వమని అడగను.

పి. గన్నవరం అమ్మ

పద్దుగారూ, మా అబ్బాయి బీకాం రెండేళ్ళు చదివాడు, ఆపై ఆగింది. లెక్కలంటే ఇష్టమే. మీ మిల్లులోగానీ ఇంకెక్కడైనాగానీ చూడగలరా? పత్రాలన్నీ తీసుకుని నేను వస్తాను.

పాలకొల్లు పద్దు

అమ్మా, ఇది మాసూళ్ళ హడావుడి, ఇప్పుడు వద్దు. సంక్రాంతి దాటాక ఒక మధ్యాహ్నం రండి, మిల్లు ఖాళీగా ఉంటుంది. పత్రాలు అక్కర్లేదు, అబ్బాయిని తీసుకురండి. రావడం తనకు ఇష్టమో కాదో ముందు అడగండి. కాదంటే మీరు కూడా రావద్దు.